పాత నగర పటాలు: చదివే తీరు, పటం కట్టించే తీరు

ఆస్తి పత్రాల మధ్య మడతపెట్టిన పాత నగర పటం అప్పుడప్పుడు బయటపడుతుంది. దానిని గోడకు అలంకరించాలన్న తలంపు సహజమే. అయితే ఆ కాగితం అలంకారం మాత్రమే కాదు. నేడు నేలమీద లేని వీధులకు సాక్ష్యం.

చదవడం

ముందుగా దిక్కును, కొలమానాన్ని చూడాలి. పాత పటాలన్నింటిలో ఉత్తరం పైనే ఉండదు. బొమ్మ చుట్టూ కాగితంలో దిగిన నొక్కుడు గీత ఉంటే అది రాగిరేకుపై చెక్కి అచ్చువేసినది కావచ్చు. ముద్రించిన సంవత్సరాన్ని మాత్రమే నమ్మరాదు. పాత పలకలతోనే మళ్లీ అచ్చువేసే వాడుక ఉండేది. కట్టడాలు కాలాన్ని పట్టిస్తాయి. చెన్నపట్నం పటంలో రాయపురం రైలు స్టేషను 1856 నాటిది, సెంట్రల్ 1873 నాటిది, హైకోర్టు భవనం 1892 నాటిది.

గవర్నరు థామస్ పిట్ కాలంలో (1698–1709) కొలిపించిన పటంలో కోటకు ఉత్తరాన ఆనుకొని బ్లాక్ టౌన్ కనిపిస్తుంది. 1746లో ఫ్రెంచివారు నగరాన్ని పట్టుకొని అందులో చాలా భాగం కూలగొట్టారు. 1749లో నగరం తిరిగి చేతికి వచ్చాక, ఫిరంగుల గురికి అడ్డు లేకుండా ఆంగ్లేయులు మిగిలిన ఇళ్లనూ తొలగించారు. నేటి హైకోర్టు నిలిచినది ఆ నేల మీదనే. జనం ముత్యాలపేట, పెద్దనాయకన్‌పేటల వైపు జరిగారు. పట్టణ కావలి అధిపతి పెద్దనాయకుని బిరుదు ఆ రెండవ పేటలో నేటికీ నిలిచి ఉన్నది. రెండు కాలాల పటాలను పక్కపక్కన పెడితే ఒక ఊరు తరలిపోయిన కథ అర్థమవుతుంది.

పటం కట్టించడం

సముద్రతీర నగరంలో కాగితానికి ప్రధాన శత్రువులు తేమ, ఎండ, పురుగులు. ఫ్రేము కట్టేవారికి ఈ విషయాలు ముందే చెప్పాలి:

• లామినేషన్ వద్దు. ఒకసారి అంటుకున్న ప్లాస్టిక్ కాగితాన్ని పాడుచేయకుండా ఊడిరాదు.
• అంచులు కత్తిరించరాదు. మడతలపై ఇస్త్రీ చేయరాదు.
• సెల్లోటేపు, ఫెవికాల్ బదులు పలుచని జపాను కాగితపు పట్టీలను గోధుమ గంజితో పై అంచున మాత్రమే అంటించాలి.
• వెనుక అట్ట, చుట్టూ పెట్టే అట్ట ఆమ్లరహితమైనవి కావాలి. మామూలు అట్ట కాగితాన్ని పసుపుపచ్చగా మార్చి పెళుసుబారుస్తుంది.
• అద్దం పటాన్ని తాకరాదు; తాకితే తేమ చేరి బూజు పడుతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం మేలు.
• ఎండ పడే గోడకు, వాన నానే బయటి గోడకు, వంటగదికి దూరంగా తగిలించాలి. ఫ్రేముకూ గోడకూ మధ్య గాలి ఆడాలి.

అన్నింటికన్నా క్షేమమైన మార్గం మరొకటి ఉన్నది: అసలు పటాన్ని స్కాన్ చేయించి, నకలును పటం కట్టించి, అసలును మడవకుండా ఆమ్లరహిత కాగితంలో పరచి భద్రపరచడం. రంగు వెలిసినా నకలును మళ్లీ తీసుకోవచ్చు. అసలుకు ఆ అవకాశం లేదు.

చట్టం

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ముద్రిత పటం పురావస్తువుగా పరిగణన పొందవచ్చు. పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం. విదేశాల్లోని బంధువులకు కానుక ఇవ్వదలచినవారు నకలునే పంపడం మంచిది.