లఘుచిత్రాలలో కంప్యూటరు గ్రాఫిక్సు సహజత్వం

కంప్యూటరు సృష్టించిన దృశ్యం కెమెరాతో తీసినదేనని ప్రేక్షకుడు భ్రమించేటంత సహజంగా ఉండడాన్ని ఫోటోరియలిజం అంటారు. లఘుచిత్రాలు ఈ విద్యకు ప్రయోగశాలల వంటివి. నిడివి తక్కువ కాబట్టి కొత్త పద్ధతులను వీటిలో పరీక్షించి, తరువాత పెద్ద సినిమాలలో వాడుతుంటారు. బొమ్మ రూపురేఖల కంటే దానిపై కాంతి ప్రవర్తించే తీరే సహజత్వానికి ప్రధాన ఆధారం.

చరిత్ర

జాన్ లాసెటర్ దర్శకత్వంలో పిక్సార్ సంస్థ 1986లో నిర్మించిన లక్సో జూనియర్ నిడివి సుమారు 2 నిమిషాలు. ఇందులో రెండు బల్లదీపాలే పాత్రలు. దీపం కదిలినప్పుడల్లా నీడలు కూడా తదనుగుణంగా మారడం దీని విశేషం. టిన్ టాయ్ (1988) ఆస్కార్ పొందిన తొలి కంప్యూటరు యానిమేషను చిత్రమైనా, అందులోని పసిబిడ్డ ముఖం అసహజంగా ఉందన్న విమర్శ వచ్చింది. గెరీస్ గేమ్ (1997)లో వృద్ధుని చర్మం, దుస్తుల ముడతలు, పైపర్ (2016)లో పక్షి ఈకలు, ఇసుక రేణువులు మరింత సహజంగా రూపొందాయి.

చర్మం - కాంతి

లోహంపై పడిన కాంతి ఉపరితలం నుండే పరావర్తనం చెందుతుంది. చర్మం, పాలు, మైనం వంటి పదార్థాలలో కొంత కాంతి లోపలికి చొచ్చుకొనిపోయి, చెదరి, వేరొకచోట వెలువడుతుంది. దీనిని సబ్‌సర్ఫేస్ స్కాటరింగ్ అంటారు. చీకటిలో అరచేతి వెనుక టార్చి వెలిగిస్తే వేళ్ళ అంచులు ఎర్రగా కనబడడం ఇందుకు ఉదాహరణ. దీనిని లెక్కించే ఆచరణయోగ్యమైన పద్ధతిని హెన్రిక్ వాన్ యెన్సెన్, సహచరులు 2001లో ప్రకటించారు. ఈ లెక్క లోపిస్తే ముఖం ప్లాస్టిక్కుతో చేసినట్లుంటుంది.

తోలుబొమ్మలతో పోలిక

అనంతపురం కరవు పీఠభూమిలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి. ధర్మవరం మండలంలోని ఈ గ్రామం 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఇక్కడి కళాకారులు మేకతోలును కాంతి ప్రసరించేటంత పలుచగా చేసి, రంగులద్ది, తెల్లని తెరకు ఆనించి వెనుక దీపం వెలిగిస్తారు. తోలు సహజంగా చేసే పనిని కంప్యూటరు ప్రతి బిందువుకూ లెక్కగట్టవలసి వస్తుంది.

తోలుబొమ్మ ముఖకవళికలు మారవు. కీళ్ళ కదలికతోనే అది కోపాన్నీ శోకాన్నీ తెలుపుతుంది. ఎస్.ఎస్. రాజమౌళి ఈగ (2012)లో కూడా ఈగ మాట్లాడదు, దేహభంగిమలే దాని భాష. ఇందుకు లక్సో జూనియర్‌లోని దీపం స్ఫూర్తినిచ్చింది. దాదాపు మనిషిలా ఉండి పూర్తిగా కాని బొమ్మ జుగుప్స కలిగిస్తుందని జపాను శాస్త్రవేత్త మసహిరో మోరి 1970లోనే ప్రతిపాదించాడు. కనుక పోలిక ఒక్కటే సహజత్వం కాదు.

సినిమా, టెలివిజను వ్యాప్తితో తోలుబొమ్మలాటకు ఆదరణ తగ్గి, నిమ్మలకుంట కుటుంబాలు తోలు దీపపు గొడుగులు, అలంకరణ వస్తువుల తయారీకి మళ్ళాయి. ఈ గ్రామ కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది.