పికప్ ట్రక్కునకు జంట పొగగొట్టములు: కొలత నిర్ణయించు విధము

మా పూర్వవిద్యార్థి యొకడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమునుండి మాకొక ఉత్తరము వ్రాసెను. అతడు 2015వ సంవత్సరపు షెవర్లే సిల్వరాడో పికప్ ట్రక్కును పాతది కొనెను. సెలవు దినములలో దానికి ట్రైలరు తగిలించి, ఇండ్లు మారువారి సామానులు చేరవేయుచు నాలుగు డబ్బులు సంపాదించుకొనుచున్నాడు. ఆ బండి పొగగొట్టము తుప్పుపట్టి చిల్లులు పడినది. ఎటులైనను మార్చవలసినదే గనుక, ఒక గొట్టమునకు బదులు రెండు పెట్టించుకొనవలెనని అతని కోరిక. షెడ్డులోని మెకానిక్కు "మూడంగుళములవే వేయించుకో, ఎంత పెద్దవైన అంత బలము" అనెనట. తోటి పనివాడొకడు "పెద్దవి వేసితివా, ఎదురొత్తిడి చాలక బండి లాగదు" అని భయపెట్టెనట. "సార్, చేతిలో ఉన్నది కొద్దిపాటి సొమ్ము. ఇద్దరిలో ఎవరి మాట వినవలెను?" అని అతని ప్రశ్న.

తెలుగు బోధించువారిని ఈ ప్రశ్న యడుగుట వింతగా తోచవచ్చును. మేము తరగతిలో వ్రాయించు వ్యాసము వేరు, గొట్టమునకుండు వ్యాసము వేరు. అయినను భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులతో కూర్చుండి లెక్కవేసితిమి. ఆ లెక్క మన విద్యార్థులకును ఆసక్తి కలిగించునని ఇచ్చట వివరించుచున్నాము.

ఆ బండిలో నున్నది ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజను. సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా, 'వి' అను ఆంగ్లాక్షరము ఆకారమున అమర్చబడి యుండును. దాని పరిమాణము 5.3 లీటర్లు, గరిష్ఠశక్తి 355 హార్స్ పవరు, అదియు నిమిషమునకు 5,600 చుట్లు తిరిగినపుడు. రెండు వరుసల పొగయు క్రింద ఒక్క గొట్టములో కలిసి, సైలెన్సరు గుండా వెనుకకు పోవును. జంట గొట్టములనగా ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క దారి. అయితే అంగడిలో 'జంట' అను పేరుతో అమ్ముడుపోవు వానిలో అనేకము ముందు ఒకే గొట్టముగా వచ్చి, సైలెన్సరు దాటిన తరువాత రెండుగా చీలును. చూపునకు రెండు మూతులున్నను, పొగకు దారి ఇచ్చునది ముందున్న ఆ యొక్క గొట్టమే. కొనువారు మొదట తెలిసికొనవలసిన భేదమిది.

ఇక కొలత. మెకానిక్కులు అనుభవముచే వాడు సూత్రములు రెండు కలవు. ఒక్కొక్క హార్స్ పవరునకు నిమిషమునకు సుమారు 2.2 ఘనపుటడుగుల వాయువునకు దారి యుండవలెను. గొట్టపు నోటిలో ఒక్కొక్క చదరపు అంగుళము నిమిషమునకు సుమారు 115 ఘనపుటడుగుల వాయువును సులభముగా పోనిచ్చును. మన బండికి 355ను 2.2చే హెచ్చింపగా 781 ఘనపుటడుగులు. దానిని 115చే భాగింపగా 6.79 చదరపు అంగుళములు. రెండు గొట్టములకు పంచిన ఒక్కొక్కదానికి సుమారు 3.4. అంత వైశాల్యమున్న వృత్తపు వ్యాసము 2.08 అంగుళములు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. అంగడివారు గొట్టమును బయటి కొలతతో అమ్ముదురు. పొగ పోవునది లోపలి కొలతలో. గోడ మందము 0.065 అంగుళము అనుకొనిన, రెండుంబావు అంగుళముల గొట్టము లోపల 2.12 అంగుళములే, వైశాల్యము 3.53 చదరపు అంగుళములు. అది చాలును, కొంచెము మిగులును గూడ. రెండున్నర అంగుళములదానికి 4.41 చదరపు అంగుళములు. అట్టివి రెండున్న 460 హార్స్ పవరు వరకు సరిపోవును. మూడంగుళములవి రెండు వేసిన 670 దాటిన ఇంజనుకు గాని పని యుండదు. మూడంగుళముల గొట్టము ఒక్కటియే వేసినచో 338 వద్ద ఆగును, అనగా మనవానికి ఇంచుక తక్కువ.

పావు అంగుళమే గదా యని తీసివేయరాదు. పారు వాయువు అంతే యుండగా, గొట్టపు నిరోధము ఇంచుమించు వ్యాసము యొక్క అయిదవ ఘాతమును బట్టి తగ్గును. రెండుంబావునుండి రెండున్నరకు పోయిన నిరోధము నూటికి నలుబది పాళ్ళకు మించి తగ్గిపోవును. ఇది విని పెద్దదే మేలని తొందరపడరాదు. ఉన్న నిరోధమే స్వల్పమైనపుడు దానిలో నలుబది పాళ్ళు తగ్గినను లాభము స్వల్పమే. ట్రైలరు లాగు బండి నిమిషమునకు 5,600 చుట్ల వద్ద నడుచునది ఎన్నడో గాని యుండదు. దాని నిత్యజీవితమంతయు రెండువేలకు, మూడువేలకు నడుమనే గడచును.

తోటి పనివాడు చెప్పిన 'ఎదురొత్తిడి' మాట అన్ని దేశముల షెడ్లలోను వినబడునదే. అది పొరపాటని మా యభిప్రాయము. పొగను వెనుకకు నెట్టు ఒత్తిడి ఏ ఇంజనుకును మేలు చేయదు. మేలు చేయునది వాయువు యొక్క వేగము, అలలు. కవాటము తెరచినపుడు వేడివాయువు ఒక్క తోపుగా బయలుదేరి, తన వెనుక కొంత వెలితిని విడుచును. ఆ వెలితి సిలిండరులో మిగిలిన పొగను లాగును. సిలిండరును అంటియున్న మొదటి చిన్న గొట్టములలో ఈ ఫలము మిక్కుటము. కన్వర్టరు దాటి వెనుకకు పోవుకొలది అది సన్నగిల్లును. మరి ఈ నమ్మకము ఎట్లు పుట్టినది? కార్బ్యురేటరు కాలములో గొట్టము పెద్దది చేసిన గాలి ఎక్కువై, పెట్రోలు పాలు చాలక మిశ్రమము పలుచబడెడిది. జెట్టు మార్చకపోవుటచే బలము తగ్గెడిది. నింద మాత్రము గొట్టము మీద పడెడిది. నేటి బండ్లలో ఆక్సిజన్ సెన్సారును చూచి కంప్యూటరే పెట్రోలును సరిచేయును.

మూడంగుళములవి వేసినంత మాత్రమున బండి లాగకపోదు. కాని ఇచ్చిన సొమ్మునకు ఫలము లేదు. పైగా చప్పుడు హెచ్చును.

చప్పుడును గూర్చి ఇంకొక మాట చెప్పవలెను. ఈ ఇంజనులో సిలిండర్లు మండు వరుస 1, 8, 7, 2, 6, 5, 4, 3. బేసి సంఖ్యలు ఎడమవైపు, సరి సంఖ్యలు కుడివైపు. పరిశీలించినచో 2, 6 ఒకదాని వెంట ఒకటి కుడివైపుననే మండును. 3, 1 అట్లే ఎడమవైపున. రెండు గొట్టములు ఒకదాని నొకటి ఎరుగక వేరువేరుగా పోయినచో ఒక్కొక్కదానిలో తోపులు సమముగా పడవు, ధ్వని గరగరలాడును. అందుచే ముందుభాగమున రెంటిని అడ్డగొట్టముతో గాని, ఇంటూ గుర్తు వలె గాని కలుపుదురు. ఈ కలయిక లేని జంట గొట్టములను మేము సిఫారసు చేయము.

వంపుల సంగతి యింకొకటి. యంత్రములో పెట్టి నొక్కి వంచిన గొట్టము వంపు వద్ద నలిగి ఇరుకగును. అప్పుడు రెండున్నర అంగుళములని చెప్పి కొన్నది ఆచోట రెండుంబావుగా గాని, అంతకు తక్కువగా గాని మారవచ్చును. లోపల మాండ్రెలు అను కడ్డీ నుంచి వంచినది నలగదు. గొట్టములో పొడి ఇసుక కూరి, వేడిచేసి వంచు పాత కొలిమి పద్ధతి ఉద్దేశమును ఇదియే.

బండి క్రింద చోటు చూచుకొనవలెను. ఎడమప్రక్క పెట్రోలు ట్యాంకు, నడుమ గేరుపెట్టె, వెనుక ఇరుసు, దాని వెనుక స్టెప్నీ చక్రము. గొట్టము లావైనకొలది బ్రేకు నూనె గొట్టములకును, ట్యాంకునకును వేడి దగ్గరగును. ఇరుసు దాటిన పిమ్మట వాయువు చల్లబడును గనుక అచ్చట లావు అవసరము లేదు. 800 సెంటిగ్రేడు డిగ్రీల వాయువు 400కు దిగినచో, దాని పరిమాణము మూడింట రెండు పాళ్ళకన్న తక్కువకు కుంచించుకొనిపోవును.

చట్టము మాట విడువరాదు. అమెరికా వాయుశుద్ధి చట్టము ప్రకారము కెటలిటిక్ కన్వర్టరును తీసివేయుట నిషిద్ధము. మార్పులన్నియు అది దాటిన తరువాతనే జరుగవలెను.

ఉత్తరము చివర అతడొక మాట వ్రాసెను: వెనుక తొట్టికి పైకప్పు బిగించి, దూరప్రయాణములలో పిల్లలను అందులో పరుండబెట్టవలెనని. ఇది చదివి మేము ఉలికిపడితిమి. తొట్టి క్రిందనే ముగియు పొగగొట్టమునుండి కార్బన్ మోనాక్సైడు పైకప్పు క్రింద చేరి నిలిచిపోవచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిదురించువారు మేల్కొనరు. గొట్టముల మూతులు బండి వెనుక అంచు దాటి బయటకు రావలెననియు, పిల్లలను తొట్టిలో ఎన్నడును కూర్చుండబెట్టరాదనియు, తక్కిన లెక్కలన్నిటికన్న ముందు ఈ రెండు మాటలే వ్రాసితిమి.

అతని జవాబు నెల దాటిన పిమ్మట వచ్చినది. రెండుంబావు అంగుళముల గొట్టములు రెండు, మాండ్రెలు వంపులతో, నడుమ అడ్డగొట్టముతో వేయించెనట. పైకప్పు బేరము మానుకొనెనట. మిగిలిన సొమ్ముతో ట్రైలరు బ్రేకులు బాగుచేయించెను.