లోపలి డిస్కు – వెలుపలి డిస్కు

బ్యాంకు ఖాతాలు, ఉద్యోగుల జీతాల పట్టికలు, రైలు ప్రయాణికుల వివరాలు ఒకప్పుడు కాగితపు దస్త్రాలలో ఉండేవి. కంప్యూటర్ల రాకతో అవి డిస్కులలోకి చేరాయి. 1956లో ఐ.బి.ఎం. సంస్థ తొలి డిస్కు యంత్రాన్ని వెలువరించింది. అందులో 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళేలు ఉండేవి. అంతటి యంత్రంలో ఇమిడినవి సుమారు 50 లక్షల అక్షరాలే! కాలక్రమంలో డిస్కులు చిన్నవై సర్వర్లలోనే ఒదిగిపోయాయి. సమాచారం పెరిగి లోపలి చోటు చాలకపోవడంతో, వేరే పెట్టెలలో అమర్చిన డిస్కులను తీగలతో సర్వరుకు జోడించే పద్ధతి ఏర్పడింది.

సర్వరు లోపల అమర్చినవి అంతర్గత డిస్కులు. వెలుపలి పెట్టెలలో ఉన్నవి బాహ్య డిస్కులు. కంటితో చూసినప్పుడు ఈ భేదం సులభంగానే తెలుస్తుంది. కాని దూరాన కూర్చొని పనిచేసే ఇంజనీరుకు తెరపై కనిపించేది పేర్ల జాబితా మాత్రమే. ఆ జాబితాలో రెండు రకాల డిస్కులూ ఒకే తీరున ఉంటాయి. చిక్కంతా అక్కడే ఉంది.

ఉదాహరణకు, సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ సర్వర్లలో సొలారిస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. అందులో డిస్కు పేరు 'సి0టి0డి0' అన్న రీతిలో ఉంటుంది. 'సి' కంట్రోలరును, 'టి' దానికి జోడించిన పరికరాన్ని, 'డి' ఆ పరికరంలోని డిస్కును సూచిస్తాయి. 'సి0' కనిపిస్తే అది లోపలి డిస్కేనని చాలామంది భావిస్తారు. ఇది తరచు నిజమే అయినా నియమం కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ కంట్రోలర్లను గుర్తించి నమోదు చేసుకొన్న క్రమంలో ఆ సంఖ్యలు ఏర్పడతాయి. సన్ ఫైర్ 280ఆర్ సర్వరులో లోపలి డిస్కులు సాధారణంగా 'సి1'గా కనిపించేవి. పైగా అవి ఫైబర్ ఛానల్ డిస్కులు. కనుక ఫైబర్ ఛానల్ డిస్కులన్నీ బాహ్యమైనవేనన్న ఊహ కూడా నిలువదు.

అందువల్ల పేరును గాక ఆధారాలను పరిశీలించాలి. మొదటిది భౌతిక మార్గం. 'ఫార్మాట్' ఆదేశం ప్రతి డిస్కు పేరు కింద ఆ మార్గాన్ని చూపుతుంది. దానిని తయారీదారు ఇచ్చిన కరదీపికతో పోల్చితే డిస్కు స్థానం తెలుస్తుంది. అయితే ఆ ఆదేశం డిస్కును మార్చగలదు కూడా. కాబట్టి జాబితా చూసి వెంటనే బయటికి రావాలి. రెండవది తయారీ వివరం. 'ఐఓస్టాట్' ఆదేశానికి 'ఈ', 'ఎన్' అనే సూచికలను చేర్చితే సంస్థ పేరు, నమూనా, క్రమసంఖ్య కనిపిస్తాయి. నమూనా 'సిమెట్రిక్స్' అని ఉంటే అది ఇ.ఎం.సి. సంస్థకు చెందిన బాహ్య నిల్వ పెట్టెలోనిది. మూడవది డిస్కుపై అతికించిన క్రమసంఖ్య. తెరపైని సంఖ్యతో అది సరిపోలితే సందేహానికి తావుండదు.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న రావచ్చు. భద్రత కోసం ఒకే సమాచారాన్ని ప్రతిబింబంలా రెండు డిస్కులలో ఉంచుతారు. ఒకటి చెడినప్పుడు, పొరపాటున మంచిదానిని ఊడదీస్తే సర్వరు ఆగిపోతుంది. బాహ్య డిస్కును ఖాళీ లోపలి డిస్కుగా భ్రమించి చెరిపివేస్తే వేలమంది ఖాతాలు మాయం కావచ్చు. 2010లో సన్ సంస్థ ఒరాకిల్‌లో విలీనమైంది. ఆ తరం సర్వర్లు మిగిలి ఉన్న చోట విడిభాగాలు దొరకడం కష్టం. పొరపాటును దిద్దుకోవడం మరింత కష్టం.

నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు. డిస్కుపై చేయి వేసే ముందు వెచ్చించే కొద్ది నిమిషాలు ఎందరి శ్రమఫలాన్నో కాపాడతాయి.