వార్తల్లో పదం: బాల్ రేటింగ్

ఆస్ట్రేలియాలో అడవి అంచున కొత్త కాలనీ అనగానే స్థానికుల సభల్లో వినిపించే మాట ‘బాల్’. పూర్తి పేరు బుష్‌ఫైర్ అటాక్ లెవెల్. కార్చిచ్చు వస్తే ఇంటి గోడకు ఎంత వేడి తగులుతుందో చెప్పే కొలమానం ఇది.

చుట్టూ ఉన్న చెట్ల రకం, వాటి దూరం, నేల వాలు చూసి లెక్కగడతారు. ‘లో’తో మొదలై 12.5, 19, 29, 40 దాటి, మంటలు ఇంటినే తాకే ‘ఫ్లేమ్ జోన్’ వరకు ఆరు స్థాయిలు. అంకెలు చదరపు మీటరుకు కిలోవాట్లు. మిట్టమధ్యాహ్నపు ఎండ 1 కిలోవాట్ అంటే, 40 ఎంతటిదో ఊహించుకోవచ్చు! ఇళ్లను ఎక్కువగా కాల్చేది ఎగిరొచ్చే నిప్పురవ్వలే. అందుకే గాలి రంధ్రాలకు 2 మిల్లీమీటర్లకు మించని కన్నాల లోహపు జాలీ బిగించాలి.

2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో కార్చిచ్చులకు 173 మంది బలయ్యాక ఈ నిబంధనలు కట్టుదిట్టమయ్యాయి.

అయితే బాల్ కొలిచేది ఇంటినే. పొగలో కార్లు బారులు తీరే రోడ్డును కాదు. తప్పించుకునే దారి మూసుకుపోతుందన్న స్థానికుల భయం న్యాయమైనదే. సిడ్నీ ఉత్తరాన ఇంగిల్‌సైడ్‌లో 980 ఇళ్ల ప్రణాళికను, మంటలొస్తే జనాన్ని సురక్షితంగా తరలించడం కష్టమని 2022లో ప్రభుత్వమే విరమించుకుంది.