మన వల్ల కాలితే ఎవరు కడతారు?

2023 నవంబరు 13, దీపావళి మర్నాడు. హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లోని ఓ అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో నిల్వ ఉంచిన రసాయన డ్రమ్ములు అంటుకున్నాయి. పై అంతస్తుల్లో కాపురాలున్నాయి. కనీసం తొమ్మిది మంది చనిపోయారు.

కింద వ్యాపారం, పైన కాపురం. ఆబిడ్స్, నాంపల్లి గల్లీల్లో ఇలాంటి భవనాలకు కొదవ లేదు. ‘ఇన్సూరెన్స్ ఉందా?’ అని దుకాణదారుణ్ని అడిగితే ‘ఎందుకు లేదండీ’ అంటాడు. తీరా చూస్తే అది బ్యాంకు లోన్ ఇచ్చేటప్పుడు పట్టుబట్టి చేయించిన ఫైర్ పాలసీ. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ కూడా ఒకచోట 5 కోట్ల రూపాయల్లోపు ఆస్తి ఉన్న వ్యాపారాల కోసం తెచ్చిన ఫైర్ పాలసీయే. మన సరుకు, మన ఫర్నిచర్ కాలితే డబ్బొస్తుంది. మన మంట పై అంతస్తుకు పాకితే? ఆ లెక్క చూసేది పబ్లిక్ లయబిలిటీ పాలసీ.

చట్టం ఎవరికి?

భోపాల్ దుర్ఘటన తర్వాత 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం వచ్చింది. ప్రమాదకర పదార్థాలను నిర్ణీత పరిమాణానికి మించి ఉంచేవారికి ఈ బీమా తప్పనిసరి. తప్పెవరిదో రుజువు చేయకుండానే బాధితులకు పరిహారం అందాలన్నది దాని ఉద్దేశం. చెప్పుల షాపుకో టిఫిన్ సెంటర్‌కో ఆ నిర్బంధం లేదు. షాప్‌కీపర్స్ ప్యాకేజీ పాలసీ తీసుకున్నా, అందులో లయబిలిటీ భాగాన్ని చాలాసార్లు మనమే అడిగి కలిపించుకోవాలి.

ఏం అడగాలి?

ఆబిడ్స్‌ జగదీశ్ మార్కెట్లో సెల్‌ఫోన్ రిపేరు కౌంటరు సంగతే చూద్దాం. అరచేతి వెడల్పు బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, హాట్ గన్, ఉబ్బిన లిథియం బ్యాటరీ. పక్కనే నిలబడ్డ గిరాకీకి చెయ్యి కాలితే పబ్లిక్ లయబిలిటీ. అమ్మిన చార్జర్ వాళ్లింట్లో పేలితే ప్రొడక్ట్ లయబిలిటీ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తయారీదారు ఎవరో తేలని సందర్భాల్లో అమ్మినవాడే జవాబు చెప్పాల్సి రావచ్చు. పనికుర్రాడికి దెబ్బ తగిలితే ఈ రెండూ పనికిరావు, దానికి వేరే పాలసీ. రిపేరుకిచ్చిన ఫోనే కాలిపోతే? మన స్వాధీనంలో ఉన్న పరాయి సొత్తును లయబిలిటీ పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. ఈ నాలుగూ ఏజెంటును విడివిడిగా అడగాలి.

ఆ తర్వాత పరిమితులు. ఒక్కో ప్రమాదానికి ఎంత, ఏడాది మొత్తానికి ఎంత అని రెండు అంకెలుంటాయి. ప్రీమియం తగ్గుతుందని మొదటిది కుదించుకుంటే అసలుకే మోసం. పైన ఎన్ని కాపురాలున్నాయి, పండగ సీజన్లో షాపులో ఒకేసారి ఎంతమంది ఉంటారన్నది చూసి ఆ అంకె వేసుకోవాలి. మన గల్లా ఎంతన్నది దానికి కొలత కాదు.

ప్రపోజల్ ఫారం మాత్రం ఏజెంటు చేతికి వదిలేయకూడదు. గోడౌన్‌లో థిన్నర్ డబ్బాలుంటే ఉన్నాయనే రాయాలి. దాచిపెడితే ప్రీమియం కొంత మిగులుతుందేమో గానీ, ప్రమాదం జరిగిన రోజు కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చడానికి ఆ ఒక్క కారణం చాలు.