నాదెండ్ల నేలకు తగిన పచ్చని చెట్లు



డిసెంబరు నెల వచ్చిందంటే ఇప్పుడు పల్లెటూరి సంఘాలలో కూడా అరకేరియా మొక్కలు కనబడుతున్నాయి. కుండీలో ఉన్నంతకాలం అది క్రిస్మస్ చెట్టుగా అందంగానే ఉంటుంది. పండుగ వెళ్ళాక మందిరం ముందు గుంట తీసి నాటుతారు. ఏప్రిల్ నాటికి కొనలు ఎర్రబడతాయి, మే నెలకు కట్టెపుల్ల మిగులుతుంది. నాటినవారి తప్పు కాదు, మొక్క తప్పు అంతకన్నా కాదు. అది పసిఫిక్ మహాసముద్రపు దీవుల చెట్టు. సముద్రపు గాలికి, తడికి అలవాటుపడినది. పల్నాటి నల్లరేగడిలో, రోహిణి ఎండలో దాన్ని బ్రతకమనడం న్యాయమా?

మందిర ఆవరణంలో, పాస్టరుగారి ఇంటి చుట్టూ, సమాధుల తోటలో ఏ చెట్లు వేస్తే మంచిదని నాదెండ్ల చుట్టుపక్కల సంఘస్థులు మమ్మల్ని అడుగుతుంటారు. అందరి కోరికా ఒకటే. ఏడాదంతా పచ్చగా ఉండాలి, నీళ్ళు ఎక్కువ అడగకూడదు. ఈ ప్రశ్నకు జవాబు దూరాన లేదు. కొండవీటి కొండల వైపు వేసవిలో ఒకసారి వెళ్ళి చూడండి. ఎవరూ చెంబెడు నీళ్ళు పోయకుండానే పచ్చగా నిలిచిన పొదలు ఎన్నో అక్కడ ఉన్నాయి.

నీళ్ళ సంగతి చిన్నది కాదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక మన ప్రాంతం రూపు మారిన మాట నిజమే. గాని వాన తప్పితే కాలువా తప్పుతుంది. 2023 ఆగస్టులో దేశమంతటా కురిసిన వాన, 1901 నుండి లెక్కలున్న ఆగస్టు నెలలన్నిటిలోకి తక్కువ. అటువంటి ఏట తాగునీటికే వెదుకులాట. పెరటి మొక్కకు పోసే ప్రతి బిందె ఏ తల్లి నడుము మీదనో వచ్చినదే గనుక, మొక్కను ఎన్నుకోవడం ఇంటి ఆడవారి శ్రమను లెక్కపెట్టి చేయవలసిన పని.

ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్టు అంటే ఆకు రాల్చనిదని కొందరి అభిప్రాయం. అది కూడా రాలుస్తుంది. అయితే అంతా ఒకేసారి కాకుండా, పాతది పోతుంటే కొత్తది వస్తుంటుంది. మన ఎండకు ఓర్చే పొదల ఆకులను చేత పట్టుకుని చూడండి. కొన్ని చిన్నవి, కొన్ని తోలువలె మందమైనవి, కొన్నిటి మీద మైనంలాంటి పూత. బందారు ఆకైతే జిగురుగా వేలికి అంటుకుంటుంది. ఇవన్నీ లోపలి తడి ఆవిరైపోకుండా ఉండే ఏర్పాట్లు. పైన మూరెడు మొక్క కనబడితే కింద వేరు అంతకు ఎన్నో రెట్లు దిగి ఉంటుంది.

మొదట తంగేడు. బీడుభూమిలో పెరిగేదని దీన్ని చిన్నచూపు చూస్తారు గాని, ఇన్ని నెలలు పసుపుపచ్చగా పూసే పొద మరొకటి మనకు లేదు. తెలంగాణలో బతుకమ్మకు పేర్చే పువ్వు ఇదే. ఆ రాష్ట్రపు పువ్వు కూడా ఇదే. మన పల్లెల్లో దీనికి మరొక చరిత్ర ఉంది. ఈ తంగేడు పట్టతోనే మన తాతలు లందల్లో తోళ్ళు పదును చేసేవారు. ఊరి రైతుకు చెప్పు, మోటకు తోలుబాన ఆ చేతుల నుండే వెళ్ళాయి. ఆ చెట్టును మందిరం వాకిట నాటడానికి సిగ్గుపడవలసిన పని ఏమీ లేదని మా అభిప్రాయం. గింజ పెంకు గట్టిది. వేడినీళ్ళలో వేసి, రాత్రంతా నానబెట్టి విత్తితే త్వరగా మొలుస్తుంది.

కంచెకు కలివి, వాక రెండూ మంచివి. రెండిటికీ ముళ్ళున్నాయి గనుక పశువు దూరదు. కలివిపండ్లు నల్లబడితే పిల్లలు పొదను వదలరు. వాక్కాయతో పప్పు, పచ్చడి సంగతి చెప్పనక్కరలేదు. చింతపండు ధర పెరిగిన ఏడు దాని విలువ ఇంటివారికి తెలుస్తుంది. ముళ్ళు వద్దనుకుంటే బందారు గాని, అడ్డసరం గాని వరుసగా నాటి కత్తిరించుకోవచ్చు. అడ్డసరాన్ని మేకలు ముట్టవు. అరవంలో దాని పేరుకే మేక ముట్టనిది అని అర్థం. దగ్గుకు దాని ఆకు కషాయం వాడే ఇళ్ళున్నాయి గాని, గర్భిణీ స్త్రీలు మాత్రం దాన్ని పుచ్చుకోరాదు. ఈ మాట ఇంట్లో పెద్దవారు గుర్తుంచుకోవాలి. వావిలి సంగతి బాలింతలకు నీళ్ళు పోసిన ప్రతి అమ్మమ్మకూ తెలుసు. కొమ్మ విరిచి తడి నేలలో గుచ్చినా అది బ్రతుకుతుంది.

ఇక చెట్లు. వేప, కానుగ నిజానికి ఏడాదంతా ఆకుతో ఉండేవి కావు. చలి పోయే రోజుల్లో రాల్చి వెంటనే చిగురిస్తాయి. అయినా ఎండ ముదిరి మనకు నీడ కావలసిన వేళకు రెండూ నిండుగా ఉంటాయి. అంతకన్నా మనకేమి కావాలి? 2021లో ఆంధ్ర, తెలంగాణల్లో వేపచెట్లు కొనల నుండి ఎండిపోతుంటే జనం భయపడ్డారు. అది ఒక బూజు తెగులు, దానికి దోమజాతి పురుగు తోడయింది. చాలా చెట్లు తరువాతి వేసవికి మళ్ళీ చిగిర్చాయి గనుక తొందరపడి నరికినవారు నష్టపోయారు. కానుగ ఆకు మీద బొబ్బలు కనిపిస్తే కంగారు వద్దు, చెట్టుకు హాని లేదు. దాని వేరు నేలకు నత్రజనిని ఇస్తుంది, ఆకు పొలానికి ఎరువు, పువ్వు తేనెటీగకు మేత.

పాలచెట్టును ఇప్పటి పిల్లలు ఎరుగరు. తోలులాంటి ముదురాకుపచ్చ ఆకు, పసుపురంగు తియ్యని పండు. సపోటా అంట్లు కట్టేది ఈ పాల మొక్క మీదనే. మొండి నేలకు ఓర్చుకునే వేరు దానిది. ఎదుగుదల మాత్రం బహు నిదానం. నాటినవారు నీడ చూడకపోవచ్చు, వారి మనుమలు చూస్తారు. పొగడ కొంత నీరు కోరుతుంది. మొదటి మూడేళ్ళు చూసుకోగలిగితే మందిరం పక్కన దానికి సాటి లేదు. జమ్మి అయితే ఎండాకాలంలోనే చిగురిస్తుంది. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ గ్రామంలో రాజుగారి మనుషులు ఈ చెట్లనే నరకవస్తే, బిష్ణోయిలు 363 మంది చెట్లను కౌగిలించుకుని ప్రాణాలు ఇచ్చారు. ఎడారివారికి దాని విలువ అంత.

జమ్మి పేరు చెప్పాక దాని దూరపు చుట్టం సర్కారు తుమ్మను తలచక తప్పదు. అమెరికా ఖండపు ఈ చెట్టును వంటచెరకు కోసం 1870ల చివర కడప జిల్లా కమలాపురంలో నాటించారు. నేడు అది ఆక్రమించని వాగూ చెరువుగట్టూ లేదు. మన సమాధుల తోటలు ఎన్నో దాని కిందనే ఉన్నాయి. నరికితే మళ్ళీ లేస్తుంది. వేరుతో పెకలించాలి. కోనోకార్పస్ కూడా కంటికి ఇంపుగా ఉంటుంది గాని, గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. తెలిసి తెచ్చుకోవడమెందుకు?

నాటే విధానంలో తొందర పనికిరాదు. గుంటలు వేసవిలోనే తీసి ఎండనివ్వాలి. చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి ఉంచి, రెండు మంచి వానలు పడ్డాక మొక్క పెట్టాలి. నర్సరీలో ఆరడుగుల మొక్క చూసి ముచ్చటపడవద్దు. సంచిలో వేరు చుట్టలు చుట్టుకున్న పెద్ద మొక్కకన్నా జానెడు మొక్క ముందుగా నేల పట్టుకుంటుంది. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. చెట్టు తడి పీల్చితే నెర్రె ఇంకా లోతవుతుంది గనుక వేప, కానుగలను గోడకు 20 అడుగులైనా దూరంగా పెట్టండి. పొదలకు ఆ భయం లేదు.

రోజూ చెంబెడు నీళ్ళు చల్లితే వేరు పైపైనే తిరుగుతుంది. వారానికొకసారి నిండుగా పోస్తే లోపలికి దిగుతుంది. ఇంకా మంచిది, అడుగుకు చిల్లులేని పచ్చికుండ కాదు, కాల్చిన మామూలు మట్టికుండను మొక్క పక్కన మెడవరకు పాతి, నింపి మూత పెట్టడం. నీరు కుండ గోడలగుండా మెల్లగా ఊరి వేరుకు అందుతుంది. రెండు వేల ఏళ్ళనాటి చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది. పాదులో వరిగడ్డి గాని, కందిపొట్టు గాని పరచండి. మేకలకు అడ్డుగా కంప కట్టండి. రెండు వేసవులు దాటితే చాలా మొక్కలు మన చేతి నీళ్ళు అడగవు.

సమాధుల తోటలో నీళ్ళు పోసేవారు ఉండరు గనుక అక్కడ కంచెగా కలివి, మధ్య దారుల వెంట తంగేడు చాలు. మూలన ఒక వేప ఉంటే భూస్థాపనకు వచ్చినవారికి నీడ. వేపగింజకు ఒక నియమముంది. పండు రాలిన రెండు మూడు వారాలలోపే మొలక శక్తి తగ్గిపోతుంది. జూన్, జూలైలలో పండ్లు రాలుతాయి. ఆదివారం బడి పిల్లలచేత ఏరించి, గుజ్జు కడిగించి, అదే వారంలో విత్తించండి.