రికార్డుకెక్కిన నవ్వు

ఘటోత్కచుడి నవ్వుకి చుట్టాలు ఎక్కడెక్కడ ఉన్నారో తెలుసా? ఒకరు లండన్‌లో, ఒకరు అమెరికాలో. దూరపు బంధువులా ఓ పనిమనిషి వియన్నాలో! గ్రామఫోను ముల్లు పట్టుకుని వెదుక్కుంటూ వెళితే చివరికి ఓ కన్నీటి కథ కూడా కనిపిస్తుంది.

పెళ్లింట విస్తళ్లు వేసే వేళకి మైకులో ఏ పాట పెట్టాలి? తెలుగునాట అర్ధశతాబ్దానికి పైగా ఈ ప్రశ్నకి ఒకటే జవాబు... 'వివాహ భోజనంబు'.

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్‌లాంటి చోట ఆ పాటకి మరో పరీక్ష కూడా ఉంటుంది. ఓ పక్క కర్ణాటక, మరో పక్క మహారాష్ట్ర. బీదర్ నుంచి వియ్యాలవారొస్తారు. దెగ్లూరు నుంచి మేనత్తలొస్తారు. బంతిలో ఒకరు తెలుగులో పప్పు అడిగితే, పక్కవారు కన్నడలో నెయ్యి అడుగుతారు, ఎదుటివారు మరాఠీలో వద్దంటారు. పింగళి నాగేంద్రరావు రాసిన పాట మాటలు వాళ్లందరికీ అర్థం కావాలని లేదు. కానీ మధ్యలో వచ్చే ఆ నవ్వు... దానికి అనువాదం అక్కర్లేదు కదా!

ఈ ఊరికీ ఆ సినిమాకీ కాలం కలిపిన చుట్టరికం ఒకటుంది. హైదరాబాద్ రాష్ట్రంలో నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనతో ఆంధ్రప్రదేశ్‌లోకి, మెదక్ జిల్లాలోకి వచ్చింది. అయిదు నెలలు నిండకుండానే, 1957 మార్చి 27న 'మాయాబజార్' విడుదలైంది.

పాట వెనక పాట

కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ తీసిన ఆ సినిమాకి మొదట సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నారు. మిగిలిన భారం ఘంటసాల తలకెత్తుకున్నారు. 'వివాహ భోజనంబు' పాడింది మాధవపెద్ది సత్యం. తెరమీద ఎస్వీ రంగారావు. ఒకరి గొంతు, ఒకరి దేహం... వేరని చెబితే తప్ప తెలియదు. తమిళ మాయాబజార్‌లో ఇదే పాటని తిరుచ్చి లోకనాథన్ పాడితే అక్కడా పెళ్లిళ్ల పాటైంది.

అయితే ఈ పాట సినిమాతోనే పుట్టలేదనీ, అంతకుముందే సురభి నాటకాల్లోనూ గ్రామఫోను రికార్డులోనూ వినిపించిందనీ సినీ చరిత్రకారులు చెబుతారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన ఆ నాటక కుటుంబాలవారి ఇంటిభాష ఆరె మరాఠీ. ఇంట్లో మరాఠీ, రంగస్థలం మీద తెలుగు! ఖేడ్ వాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు. వాళ్లు రోజూ చేసే పనే అది.

బాణీ జాడ ఇంకా వెనక్కి తీస్తే బి.నాగరాజకుమారి 'జానకీ శపథం' హరికథ రికార్డు తగులుతుందని, దాని వెనక ఓ ఇంగ్లిష్ పాట ఉందని పరిశీలకుల మాట. ఆ పాట పేరు 'ది లాఫింగ్ పోలీస్‌మ్యాన్'. ఎప్పుడు చూసినా నవ్వుతూ ఉండే లావుపాటి పోలీసు కథ. 1922లో చార్లెస్ పెన్రోజ్ అనే హాస్యగాడు చార్లెస్ జాలీ అన్న మారుపేరుతో రికార్డు చేశాడు. మాట పాడటం, మధ్యలో తెరలు తెరలుగా నవ్వడం... అంతే పాటంతా.

వియన్నాలో ఓ మాయా శశిరేఖ

నవ్వుని రాగంలో కూర్చడం పెన్రోజ్ కనిపెట్టిందేం కాదు. 1874 ఏప్రిల్ 5న వియన్నాలో యోహాన్ స్ట్రాస్ 'డీ ఫ్లెడర్‌మౌస్' తొలి ప్రదర్శన జరిగింది. పేరుకి అర్థం గబ్బిలం. జర్మన్ భాషలోని హాస్య సంగీత నాటకాల్లో ఇంతగా ఆడింది అరుదు. కథేమిటంటే... స్నేహితుడి చేతిలో ఒకసారి నవ్వులపాలైన ఫాల్కే అనే పెద్దమనిషి, బదులు తీర్చుకోవడానికి ఓ పెద్ద విందులో నాటకమాడిస్తాడు. ఆ విందుకి యజమానురాలి గౌను వేసుకుని, నటినని చెప్పుకుంటూ పనిమనిషి అడేలె కూడా వస్తుంది. ఆమెని చూసి 'అచ్చం మా ఇంటి పనిమనిషిలా ఉందే' అంటాడు యజమాని. అప్పుడామె అతని ముఖమ్మీదే పాటగా నవ్వేస్తుంది. 'మీకు కళ్లు సరిగా ఉన్నట్టు లేవు' అన్నట్టు!

ఎక్కడో విన్నట్టుందా? మాటతప్పిన పెద్దలకి బుద్ధి చెప్పడానికి ఘటోత్కచుడు శశిరేఖ వేషం కట్టి కౌరవుల పెళ్లిపందిరిని అల్లకల్లోలం చేయడమూ ఇదే తంతు. అవమానానికి బదులు కత్తితో కాదు, వేషంతో. గెలుపు గుర్తు నవ్వు. ఒకరిది చూసి ఒకరు రాశారని కాదు. పెద్దవాళ్ల ముందు నోరెత్తలేనివాళ్లు మారువేషంలో నవ్వడం అన్ని దేశాలకీ ఇష్టమైన కథ మరి!

ఆ నాటకానికి ఎన్నో రికార్డులు వచ్చాయి. రసికులు తరచూ తలుచుకునేది 1955లో లండన్‌లో చేసినది. సంగీత నిర్వహణ హెర్బర్ట్ ఫాన్ కరాయన్. యజమానురాలిగా ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్, ఆమె భర్తగా నికొలాయ్ గెడ్డా, అడేలెగా రీటా స్ట్రైష్. పాటలతోపాటు సంభాషణలూ ఉండటంతో కళ్లు మూసుకున్నా రంగస్థలం కనిపిస్తుంది. రేడియోలో 'సంక్షిప్త శబ్దచిత్రం' విన్నవాళ్లకి ఆ సుఖం చెప్పక్కర్లేదు. స్ట్రైష్ నవ్వుతున్నా ఒక్క స్వరమూ జారదు. ఆ రికార్డు తెచ్చింది ఈఎంఐ. మన ఇళ్లల్లో 'కుక్క బొమ్మ' రికార్డులుగా పేరుపడ్డ హెచ్‌ఎంవీ కూడా అప్పట్లో ఆ సంస్థదే.

నవ్వి నవ్వి అలసినవాడు

ఇక కన్నీటి కథ. పెన్రోజ్ పోలీసు పాటకీ ఓ మూలం ఉంది. 1890లలో 'ది లాఫింగ్ సాంగ్' పాడిన జార్జి డబ్ల్యూ.జాన్సన్ బాణీయే అది. బానిసత్వం ఇంకా రద్దుకాని రోజుల్లో వర్జీనియాలో పుట్టిన నల్లజాతి గాయకుడు జాన్సన్. అమెరికాలో రికార్డులతో పేరుతెచ్చుకున్న తొలి నల్లజాతి కళాకారుడు ఆయనే.

అప్పట్లో మైనపు సిలిండర్ల మీద రికార్డింగు. ఒక దాన్నుంచి వేల నకళ్లు తీసే వీల్లేదు. ఎదురుగా నాలుగైదు యంత్రాలు పెడితే ఒకసారి పాడిన పాట నాలుగైదు సిలిండర్లకెక్కేది. మళ్లీ కొత్త సిలిండర్లు, మళ్లీ అదే పాట, అదే నవ్వు! కొనేవాళ్లు పెరిగినకొద్దీ ఆయన నవ్వుతూనే ఉండాలి. పైగా ఆ పాట మాటలేమిటి? తన రంగుని, తన రూపాన్ని లోకం ఎగతాళి చేస్తుంటే తానూ నవ్వడం. నకళ్లు తీసే పద్ధతి వచ్చాక ఆయన అవసరం తగ్గింది. 1914లో కన్నుమూశారు. దాదాపు నూరేళ్లకు, అమెరికా జాతీయ గ్రంథాలయం కాపాడదగ్గ శబ్దాల 2013 జాబితాలో ఆ పాటని చేర్చింది.

ఇప్పుడు ఘటోత్కచుణ్ని మళ్లీ చూడండి. ఆయనా అడవి మనిషే. రాక్షసుడని రాజులు చిన్నచూపు చూసే జాతి. కానీ తెలుగు తెరమీద ఎవరూ ఆయన్ని చూసి నవ్వరు... ఆయనే లోకాన్ని చూసి నవ్వుతాడు. విందు ఎవరికో వండింది, పీట ఎవరికో వేసింది. కూర్చుని ఆరగించేది మాత్రం ఆయన! వేల మైళ్లు దాటి వచ్చే దారిలో ఆ నవ్వు తలెత్తుకోవడం నేర్చుకుంది.

మైనపు సిలిండర్లు పోయాయి. నల్లటి పళ్లేలు గీతలుపడి మూలకి చేరాయి. క్యాసెట్లు నలిగిపోయాయి. నవ్వు మాత్రం ఎక్కడా అరగలేదు.